సుజాత పెండ్లి

నన్ను కాదనుకున్న అబ్బాయి పెండ్లికి మా బాపు పోయి, కడుపునిండా తిని, 51 రూపాయలు చదివించి వచ్చాడు. సంక్రాంతి ముందు అందరం కూర్చుని సకినాలు చుట్టేటప్పుడు ఎవరో ఒకరు ఈ ముచ్చట తీస్తారు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. 1996 శ్రావణంలో మాత్రం నాకు నవ్వు రాలేదు. బాపు ఇంట్లోకి వస్తే చాలు, గోడ దిక్కు తిరిగి పడుకునేదాన్ని.

బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్. నేనూ తమ్ముడూ రైల్వే క్వార్టర్లలోనే పుట్టి పెరిగాం. ఇటు సికింద్రాబాద్, అటు బల్లార్షా, ఇంకో దిక్కు విజయవాడ, మూడు లైన్లు కలిసే జంక్షన్ కాబట్టి రాత్రి ఏ ఝామున మెలకువ వచ్చినా ఎక్కడో ఒక గూడ్సు కదులుతున్న చప్పుడు వినిపించేది, ఆ చప్పుడు లేకపోతే మా అమ్మకు నిద్ర పట్టదు, చుట్టాలిండ్లకు పోతే తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లేది. బాపు చదివింది ఏడో తరగతే గానీ పేపరు మొదటి పేజీ నుంచి టెండర్ల ప్రకటనల దాకా వదిలేవాడు కాదు. చేతిరాతలు గుర్తుపట్టడం ఆయనకో సరదా. షెడ్డు రిజిస్టర్లో ఏ లైను ఎవరు రాశారో అక్షరాలు చూసి చెప్పేవాడని ఆయన దోస్తులు అనేవాళ్లు. ఈ సంగతి నేను అప్పుడే కొంచెం పట్టించుకోవాల్సింది.

పింగళి కాలేజీలో డిగ్రీ అయ్యాక 1994లో కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ సీటొచ్చింది. యూనివర్సిటీ పెట్టింది 1976లో, అంటే నాకంటే మూడేండ్లు చిన్నది. క్యాంపస్‌లో చెట్లు కూడా అప్పటికింకా కుర్రవే, నీడ దొరకాలంటే లైబ్రరీకే పోవాలి. అతను నా క్లాస్‌మేట్. ఎల్కతుర్తి దగ్గర ఒక ఊరు, వ్యవసాయం, ఇంట్లో పెద్దకొడుకు, మా కులం కాదు. పాకాల అడవికి మొక్కల సేకరణకు పోయినప్పుడు మాట కలిసింది. హెర్బేరియం షీట్లంటే తెలుసు కదా, మొక్కను పాత పేపర్ల మధ్య పెట్టి ఎండబెట్టి, అట్టకు అతికించి, కింద పేరు రాస్తారు. నా షీట్లకు పేర్లు అతనే రాసేవాడు. అచ్చు గుద్దినట్టుండే చేతిరాత. ఒకసారి గునుగు పువ్వు అతికించి, కింద 'సిలోసియా అర్జెంటియా' అని రాసి, సేకరించిన వారు అన్నచోట నా పేరు పక్కన తన పేరు కూడా రాశాడు. ఇప్పటి పిల్లలకు ఇందులో ఏముందో అర్థం కాదు. మాకు అది చాలా పెద్ద విషయం. ఆ షీటు రికార్డుతో పాటు సబ్మిట్ చేయాల్సి వస్తుందని నాకు వారం రోజులు టెన్షన్.

సెలవుల్లో ఉత్తరాలు రాసేవాడు. ఇన్‌ల్యాండ్ లెటర్ మీద పంపినవారి పేరు సుజాత. క్వార్టర్లలో పోస్ట్‌మ్యాన్ ఉత్తరం ఎవరి చేతికిస్తాడో నమ్మకం లేదు, అందుకని ఆడపిల్ల పేరు. లోపల కూడా 'నీ సుజాత' అనే ఉండేది, మధ్యలో మాత్రం రాయాల్సినవన్నీ రాసేవాడు. నెల దాటితే బాపు టీ తాగుతూ, "సుజాత ఉత్తరం రాలేదేంది బిడ్డా ఈసారి? పానం మంచిగున్నదా పిల్లకు?" అని అడిగేవాడు. మంచిగనే ఉంది బాపూ, పరీక్షలు కదా అనేదాన్ని.

చెప్పాల్సింది అతను హన్మకొండ బస్టాండులో చెప్పాడు. పరీక్షలైపోయిన ఎండాకాలం, కరీంనగర్ బస్సులు ఆగేచోట. "ఇంట్ల ఒప్పుకోరు. చెల్లె సంబంధం కుదిరింది, నేను ఎదురు తిరిగితే అది ఆగిపోతది." నేను నోరు తెరిచేలోపు కండక్టర్ రైట్ రైట్ అన్నాడు, అతను కదులుతున్న బస్సెక్కాడు. రెండేండ్ల ముచ్చట ఒక బస్సు బయలుదేరేంత సేపట్లో అయిపోయింది. నా చేతిలో సర్వపిండి డబ్బా ఉంది. నాకోసమని అబద్ధం చెప్పి, అతనికోసం అమ్మతో చేయించుకొచ్చింది. దాన్ని ఏం చేయాలో తోచక అక్కడే బల్ల మీద కూర్చుని నేనే తిన్నాను. ఏడుస్తూ సర్వపిండి తినడం చాలా కష్టం, గొంతుకు అడ్డం పడుతుంది.

ఆ తర్వాత రోజులు పెద్దగా గుర్తులేవు. అమ్మ ముందు జ్వరం అనుకుంది, తర్వాత గాలి సోకిందనుకుంది. కాజీపేట దర్గాకు తీసుకుపోయింది, మా కాడ ఏ ఇంటివాళ్లయినా అక్కడికి పోవడం మామూలే, తాయెత్తు కట్టించింది. తాయెత్తు ఏం చేస్తుంది పాపం. తినేదాన్ని కాదు. తమ్ముడు టీవీ పెడితే కసిరేదాన్ని. బాపు ఏమీ అడగలేదు, సుజాత గురించి కూడా అడగడం మానేశాడు.

శ్రావణం వచ్చాక ఒకరోజు పొద్దున డ్యూటీకి పోబోతూ గడప దగ్గర ఆగాడు. చేతిలో పెండ్లి కార్డు, నాలుగు మూలలా పసుపు. "సుజాత పెండ్లి కుదిరిందట బిడ్డా" అన్నాడు.

కవరు మీద మా క్వార్టర్ నంబరు, నా పేరు, అదే అచ్చు గుద్దిన చేతిరాత. క్లాసువాళ్లందరికీ పంపిస్తూ నాకూ పంపాడో, పంపకపోతే బాగుండదనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. లోపల చిరంజీవి అన్నచోట ఉన్నది అతని పేరు. బాపు కార్డు చదివాడు, కవరు చూశాడు, రెండేండ్ల ఉత్తరాలు ఆయనకు అర్థమైపోయాయి. ఇంతకుముందే అర్థమైందేమో కూడా. కార్డు అలమారలో పెట్టి డ్యూటీకి పోయాడు.

పెండ్లి రోజు లీవు పెట్టాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, వానకు గొడుగు పట్టుకుని బయలుదేరుతుంటే అమ్మ అడ్డం పడింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? ఏమని పోతవ్ ఆడికి?" "కార్డు వచ్చింది. పిలిచిండ్రు. పోకపోతే మంచిగుంటదా?" అన్నాడు, అంత మామూలుగా. నేను లోపలి గదిలో ఉండి విన్నాను. పరువు తీయడానికి పోతున్నాడనుకున్నాను, కొట్టి వస్తాడేమో అనుకున్నాను, నిజానికి కొట్టి వస్తే బాగుండు అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను.

పొద్దుగూకినాక వచ్చాడు. కాళ్లు కడుక్కుని, "పప్పుచారు మంచిగ జేసిండ్రు" అన్నాడు అమ్మతో. అమ్మ పలకలేదు. వాన వెలిసిందని వాకిట్లో మంచం వేసుకుని నన్ను పిలిచాడు. నేను పోయి నిలబడ్డాను, కూర్చోలేదు.

"నేను ఊకె పోలే బిడ్డా. ఎసుంటి పిలగాడో సూద్దామని పోయిన. చెడ్డోడు గాదు. దసరాకు మీ క్లాసోళ్లతోని మనింటికొచ్చిండు గద, నన్ను గుర్తుపట్టిండు. పీటల మీదికెళ్లి లేవబోయిండు. పక్కన వాళ్ల నాయిన బుజం పట్టి కూసోవెట్టిండు. కూసున్నడు. గంతే. లేవాల్నని ఉంటది, కూసోమంటే కూసుంటడు. గసుంటోనితోని నువ్వు బతుకుతవా? దినాం కొట్లాడుతవు."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఏడ్వొద్దు అనలేదు. "ఏడ్వు, ఎవరొద్దన్నరు. తిని ఏడ్వు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది అప్పుడు నాకు చాలా కోపం తెప్పించింది. "ఒక ఏడాది దాక ఈ ఇంట్ల పెండ్లి మాట రావద్దు. నువ్వు తెచ్చినా నేను వినను. పంతం మీద ఎవనికో ఊఁ అంటవు. గా పిలగాడేం పాపం జేసిండు?" నేను ఇక్కడ చస్తుంటే, ఎక్కడో ఉన్న, ఇంకా మాకెవరికీ తెలియని ఒక పిలగాడి గురించి ఈయన బాధపడుతున్నాడు అనుకున్నాను.

బాపు ఆ పెండ్లికి పోయిరావడం వల్లే చుట్టాల్లో తెలిసిపోయింది. పెండ్లిలో మా వైపు తెలిసినవాళ్లు ఎవరో ఉన్నారట. పది రోజులు కాకముందే మా మేనమామ నర్సంపేట దిక్కు రైసుమిల్లు సంబంధం పట్టుకుని వచ్చాడు. ఊరంతా తెల్వకముందే ఇచ్చేద్దాం బావా అని. బాపు బీడీ ఆర్పి, "సిగ్నల్ పడలేదని ఔటర్ల ఆగిన బండిని ఎనుకనుంచి నూకుతమారా? నూకితే ఏమైతదో నీకు తెల్వది, నాకు తెలుసు" అన్నాడు. "పిల్ల బతుకు గురించి మాట్లాడుతుంటే మళ్ల రైలు ముచ్చటేనా" అని అమ్మ తల పట్టుకుంది. మామ అలిగి టీ కూడా తాగకుండా పోయాడు, ఆ దసరాకు రాలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి తేలికగా ఉంది గానీ, ఆ కాలంలో ఆడపిల్ల విషయంలో ఇట్లా బయటపడితే నెల తిరక్కముందే ఎవరికో ఒకరికి కట్టబెట్టేవాళ్లు. మా బ్యాచ్‌లోనే అట్లా పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల కథలు చెప్పాల్సింది నేను కాదు.

అదే ఏడాది బతుకమ్మ పండుగ. నేను ఆడనన్నాను. ఎంగిలిపూల రోజు మధ్యాహ్నం బాపు పట్టాల వెంబడి తిరిగి, గునుగు, తంగేడు గోనెసంచి నిండా కోసుకొచ్చి నా ముందు కుమ్మరించాడు. ఊరికే కూర్చోకుండా ఒక గునుగు పువ్వు చేతిలో పట్టుకుని, "గింత సదువు సదివినవ్ గద, దీని పేరేంది మీ బాటనీల?" అని అడిగాడు. ఆయనకు ఆ షీటు సంగతి తెలిసే అవకాశమే లేదు. చెప్పాను. "సిల్వసి అర్జంటా?" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఆ సాయంత్రం క్వార్టర్లలో కనిపించిన ప్రతి ఆడమనిషికీ, "గిది గునుగు గాదమ్మా, సిల్వసి అర్జంటు. మా బిడ్డ జెప్పింది" అని చెప్పుకుంటూ తిరిగాడు. ఎన్నో నెలల తర్వాత నేను పగలబడి నవ్వింది అప్పుడే. రాత్రి వేయిస్తంభాల గుడి కాడికి బతుకమ్మ ఎత్తుకుని పోయాం. ఆ జనంలో, ఆ పాటల్లో నీ ఏడుపు ఎవరికీ పట్టదు, అది కూడా ఒక సుఖమే.

తర్వాత బీఎడ్ చేశాను. 98 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర హైస్కూలు. పొద్దున కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి పెండ్యాల, నష్కల్ దాటి ఘన్‌పూర్‌లో దిగడం, సాయంత్రం మళ్లీ అదే. ఆ బండిలో మేమొక పది మంది టీచర్లం, ఉల్లిగడ్డలు తరుక్కోవడం నుంచి స్వెటర్లు అల్లుకోవడం దాకా అన్నీ అందులోనే. అతను గుర్తుకు రావడం ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. ఒకరోజు ఎల్కతుర్తి బోర్డున్న బస్సు చూశాను, చూసి నా పని నేను చూసుకున్నాను.

బాపు చెప్పిన ఏడాది కాస్తా దాదాపు మూడేండ్లయ్యింది. అమ్మ మేడారం సమ్మక్కకు మొక్కుకుంది, బిడ్డ పెండ్లయితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లమే. సంబంధం షెడ్డులో బాపు దోస్తు ద్వారా వచ్చింది. పరకాల వాళ్లు, అబ్బాయికి కరెంటు ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్లో ఉద్యోగం. పెండ్లిచూపులు అయ్యాక పెద్దవాళ్లు కట్నాల మాటలోకి దిగారు. కట్నం లేకుండా పెండ్లయ్యిందని గొప్పలు చెప్పను, బంగారం పెట్టాం, సామాన్లు పెట్టాం. అబ్బాయి వాళ్ల నాన్న స్కూటర్ కూడా అడిగాడు. అందరూ మా బాపు దిక్కు చూస్తున్నారు. అప్పుడు ఆ అబ్బాయి లేచి, "నాకు బండి నడపరాదు నాయినా. దాన్ని తెచ్చుకొని వాకిట్ల పెట్టుకుంటనా?" అన్నాడు. వాళ్ల నాన్న కండ్లు ఎర్ర చేసి "కూసో" అన్నాడు. "కూసుంట, గని స్కూటరొద్దు" అన్నాడు, నిలబడే ఉన్నాడు. నేను తలుపు సందులోంచి బాపు మొహం చూశాను. ఆ మొహం చూస్తే నాకు సంగతి అర్థమైపోయింది. నిజానికి ఆదర్శమేమీ లేదు అందులో, ఆయనకు నిజంగానే బండి నడపరాదు. కారు కొన్నాక కూడా నడిపేది నేనే.

బాపు మాత్రం ఒక షరతు పెట్టాడు నాకు. పాత సంగతి ఆ పిలగానికి ముందే చెప్పాలి. అమ్మ గుండెలు బాదుకుంది, ఎవరన్నా చెప్పుకుంటారా, కుదిరిన సంబంధం చెడగొట్టుకుంటారా అని. నేను అందరికీ ఇట్లాగే చేయమని చెప్పను, అవతలి మనిషి ఎట్లాంటివాడో తెలియకుండా చెప్తే ఆడపిల్ల మెడకే చుట్టుకుంటుంది, అట్లా చుట్టుకున్నవి చూశాను. కాజీపేట ప్లాట్‌ఫారం మీద, నా ప్యాసింజర్ దిగాక, టీ తాగుతూ చెప్పాను. సుజాత ఉత్తరాలు, కార్డు, బాపు పోయిరావడం, మొత్తం. ఆయన అంతా విని, "మీ బాపు అక్కడ భోజనం కూడా చేసిండా?" అని అడిగాడు. చేశాడన్నాను. నవ్వడం మొదలుపెట్టాడు, టీ చొక్కా మీద పోసుకున్నాడు. "అయితే మీ బాపుకు నాకు కుదురుతది" అన్నాడు. నా సంగతి ఏమీ అనలేదేంటని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

1999 మేలో పెండ్లయ్యింది. 2000 జాతరకు మొక్కు తీర్చడానికి మేడారం పోయాం. జంపన్నవాగులో మునిగి, నన్ను త్రాసులో కూర్చోబెట్టి, అవతలి పళ్లెంలో బెల్లం పెడుతుంటే మా ఆయన జేబులోంచి పెన్ను తీసి చేతి మీద లెక్క వేస్తున్నాడు. "పెండ్లికి ముందే తీర్చుకుంటే నాలుగు కిలోలు కలిసొచ్చేది" అన్నాడు అత్తమ్మ ముందర. ఆ మాటకు నేను తాడ్వాయి దాటేదాకా బస్సులో మాట్లాడలేదు.

మా సంసారం గురించి చెప్పడానికి గొప్ప సంగతులేమీ లేవు. మంచిర్యాల ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఆయన వారానికోసారి వచ్చేవాడు, పాప, అత్తమ్మ, స్కూలు అన్నీ నా మీదే, వచ్చిన ఒక్కరోజు కూడా పేపరు ముందేసుకుని కూర్చుంటే దాన్ని లాక్కుని పొయ్యిలో వేసినదాన్ని నేను. కూర్చోమంటే కూర్చోని మనిషి కావాలని బాపు వెతికి తెచ్చాడు గానీ, అట్లాంటి మనిషి పెండ్లాం చెప్పినా కూర్చోడని ఎవరూ చెప్పలేదు నాకు. ఫ్రిజ్ ఏ మూల ఉండాలన్న దానిమీద మాకు ఇరవై ఏండ్లుగా గొడవే. ఇంకో దిక్కు చూస్తే, 2009లో బాపు మంచం పట్టినప్పుడు రోజు విడిచి రోజు గడ్డం గీసింది, గోర్లు తీసింది ఆయనే. మా తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడప్పుడు. ఇద్దరూ గంటలు గంటలు గుసగుసలాడుకునేవాళ్లు, నేను పోతే ఆపేసేవాళ్లు.

2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఎల్కతుర్తి మండలం కరీంనగర్ నుంచి తీసి మా జిల్లాలో కలిపారు. దాని ఫలితం, టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌లో అతనూ నేనూ ఒకే హాల్లో. అతనూ టీచరే. జుట్టు పోయింది, చేతిరాత మాత్రం మార్కుల షీటు మీద అట్లాగే ఉంది. టీ బ్రేక్‌లో వచ్చి పలకరించాడు, పిల్లలేం చదువుతున్నారు, పీఆర్సీ ఎప్పుడొస్తుంది, ఇవే మాటలు. నాకు ఏమీ అనిపించలేదంటే మీరు నమ్మరు, కొంచెం ఇబ్బందిగా అనిపించింది, అంతే. పోయేముందు అన్నాడు, "మీ నాన్నగారు మా పెండ్లికి వచ్చినప్పుడు అక్షింతలు వేస్తూ నా చెవిలో ఒక మాట చెప్పిండు. మా బిడ్డ గురించి రంది పెట్టుకోకు, ఆమెకు నేనున్న, నువ్వు ఈ పిల్లను మంచిగ చూసుకో అని."

బాపు ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే, ఆయన పల్లీలు ఒలుచుకుంటూ, "ఆఁ, మామ చెప్పిండు నాకు" అన్నాడు. ఎప్పుడు? "పెండ్లయిన కొత్తల." మరి నాకెందుకు చెప్పలేదు? "నువ్వు అడగలే." ఆ వారమంతా మా వంటింట్లో గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువే అయ్యింది.

ఇప్పుడు నాకు మోకాళ్ల నొప్పులు. కారు క్లచ్ తొక్కితే ప్రాణం పోతుంది, స్కూలుకు ఆటోలో పోతున్నా. అది చూసి ఆయన ఈ వయసులో స్కూటీ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. పొద్దున్నే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, వాకింగ్ చేసేవాళ్లంతా పక్కకు తప్పుకుంటుంటే, ఆయన బండి మీద, నేను గ్రౌండ్ గట్టు మీద కూర్చుని అరుస్తూ. బ్రేకు పట్టమంటే పట్టడు, రెండు కాళ్లూ నేలకు రాసి ఆపుతాడు, చెప్పులు అరిగిపోతున్నాయి. "ఇంకో వారం నేర్చుకున్నాక స్లాట్ బుక్ చేద్దాం" అంటే వినలేదు. లైసెన్స్ టెస్ట్ సోమవారం ఉంది, నన్ను మాత్రం రావద్దంటున్నాడు.